నేతగాని చేయి – అల్ట్రాసౌండు చూపుతో సూదిచికిత్స
(మహాసభ రెండవనాటి సమావేశమున గావించిన యుపన్యాసము)

   

ఈ సభలో సాహిత్యమును గూర్చి ప్రసంగింపుడని కార్యదర్శిగారు మొదట మమ్ము కోరిరి. 36 సంవత్సరములు పిల్లలకు శబ్దములు, ధాతువులు వల్లెవేయించినవారము కావున వారట్లు కోరుట సహజమే. కాని మేము చేతిని గూర్చి మాటలాడుటకు సెలవడిగితిమి. చేయి యనగా నలంకారమున కన్నమాట కాదు. మోచేయి, మణికట్టు, అఱచేయి, అయిదువ్రేళ్లు గల నిజమైన చేయి. మనము భావనాఋషి సంతతివారమనియు, తామరతూటి నూలుతో దేవతలకు వస్త్రములు నేసినవారి వంశమువారమనియు ప్రతి మహాసభయందును చెప్పుకొనుచున్నాము. తూటినుండి పోగు తీసినదియు, దానిని పడుగుగా పఱచినదియు చేతులేకదా! ఆ చేతులు నేడు నొచ్చుచున్నవి. నొచ్చుచున్నవని నోరు విప్పి చెప్పువారు మాత్రము మిక్కిలి తక్కువ. చెప్పిన మఱునాడు ఆసామి నూలు వేఱొకని యింటికి పోవునన్న భయ మొకటి మన వీథులలో కలదు. ముందువరుసలో కూర్చున్న ఆసాములు మామీద కోపింపరాదు. ఉన్నమాట చెప్పుటకే మేమిచ్చటికి వచ్చితిమి.

మొదట పేళ్ల చిక్కొకటి విడదీయవలసియున్నది. మనవారి భాషలో చేతిలోనిదంతయు నరమే. వ్రేలు విప్పుకొనకున్న నరము పట్టినదందురు. తిమ్మిరెక్కిన నరము చచ్చినదందురు. తోలుక్రింద నీలముగ కనబడు రక్తనాళమును సైతము నరమనియే యందురు. వాడుకమాటను తప్పుపట్టుట మా యుద్దేశము కాదు. అయినను పడుగుపోగును, పేకపోగును, నాడెను లాగెడు త్రాటిని ఒక్కపేర పిలిచెడి నేతగాడుండునా? కండరమును ఎముకకు బంధించు తెల్లని గట్టి త్రాడు స్నాయువు. స్పర్శను తలకు చేర్చుచు, తల యిచ్చిన యాజ్ఞను చేతికి తెచ్చునది నాడి. నెత్తురు పాఱునది రక్తనాళము. ఈ మూటిలో దేనికి వ్యాధి వచ్చినదో తెలియక పసరు కట్టినను, వాత పెట్టినను, అంగడిలో బిళ్ల కొని మ్రింగినను ప్రయోజనము సున్న. వాత పెట్టిన మచ్చ మాత్రము జీవితాంతము మిగులును.

సుశ్రుతసంహిత శారీరస్థానమున 107 మర్మములు చెప్పబడినవి. మణికట్టున మణిబంధమర్మము, మోచేత కూర్పరమర్మము, బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ క్షిప్రమర్మము అని వానిలో చేతికి సంబంధించినవి కొన్ని. మణిబంధము గాయపడిన చేయి మొద్దుబాఱుననియు, కూర్పరము గాయపడిన చేయి వంకరపోవుననియు నచ్చట చెప్పియున్నారు. దీనిని పట్టుకొని నేటి యంత్రములన్నియు మన పూర్వులకు తెలిసినవే యని సభలలో చప్పట్లు కొట్టించుకొనువారున్నారు. మేమట్లనము. ఆ గ్రంథము చదివినవార మగుటచేతనే అనము. శస్త్రము పట్టువాడు మర్మస్థానము నెఱిగియుండవలె నన్న వివేకము వారిది. తోలు చీల్పకయే ఆ స్థానమును కంటితో చూచు సాధనము ఇటీవలిది. ఒకదానిని పొగడుటకు రెండవదానిని దొంగిలింప నక్కఱలేదు.

ఆ సాధనమే అల్ట్రాసౌండు. మన స్త్రీలు కాన్పుకు ముందు తీయించుకొను స్కానింగు ఇదియే. మనుష్యుని చెవి సెకండునకు సుమారు 20,000 కంపనములకు మించిన ధ్వనిని వినజాలదు. 1880 లో ఫ్రాన్సు దేశమున జాకు క్యూరీ, పియరు క్యూరీ అను సోదరులు కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టునని కనుగొనిరి. విద్యుత్తును ప్రసరింపజేసిన ఆ స్ఫటికములే కంపించునని మఱుసటి యేట తేలెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున పాల్ లాంజెవాన్ అను శాస్త్రజ్ఞుడు ఈ ధర్మము నాధారముగ గొని, సముద్రమున దాగిన శత్రునౌకలను ప్రతిధ్వనిచే కనిపెట్టు ఉపాయమును సాధించెను. నౌకకై పుట్టిన ఉపాయము నరుని శరీరమునకు వచ్చుటకు మఱి నలువదేండ్లు పట్టినది. గ్లాస్గో నగరమున ఇయాన్ డొనాల్డు అను ప్రసూతివైద్యుడు ఉదరములోని గడ్డలను, గర్భస్థశిశువును ఈ ధ్వనితో చూచిన వృత్తాంతమును 1958 లో లాన్సెట్ పత్రికయందు ప్రకటించెను.

చేతిని చూచు పరికరము సెకండునకు సుమారు కోటి మొదలు కోటి యెనుబదిలక్షల కంపనముల ధ్వనిని లోనికి పంపి, మఱలివచ్చు ప్రతిధ్వనినిబట్టి తెఱమీద చిత్రము కట్టును. కంపనములు హెచ్చినకొలది చిత్రము సూక్ష్మమగును గాని, ధ్వని లోతునకు పోజాలదు. కడుపును చూచునపుడు ఇది లోపము. చేయి పలుచని యవయవమగుటచే లోపమనిపించుకొనదు. చర్మమునకును పరికరమునకును నడుమ గాలి యున్న ధ్వని వెనుకకే మఱలును గనుక చల్లని జిగురొకటి పూయుదురు. ఎక్స్‌రేయందువలె కిరణముల భయము లేదు. ఎక్స్‌రేలో ఎముక తప్ప వేఱొండు చక్కగా కానరాదు. ఇందులో ఎముక పైయంచు మాత్రమే తెల్లని గీతయై, దాని వెనుక చీకటి యుండును. ఎముకకు పైనున్న మెత్తని ప్రపంచమంతయు కనబడును.

ఆ ప్రపంచము నేతగానికి చూడముచ్చటయైనది. స్నాయువు నిలువున చూచిన ఒక్కొక్క పోగును లెక్కింపదగిన నూలుకట్టవలె నుండును. నాడిని అడ్డముగ చూచిన తేనెపట్టువలె నుండును. రెండును పక్కపక్కన నున్నప్పుడు వైద్యుడు పరికరమును కొంచెము వాల్చును. అపుడు స్నాయువు నల్లబడిపోవును, నాడి యంతగా మాఱదు. వ్రేలు కదలింపుమనును. స్నాయువు జరజర జరుగును. రక్తనాళము తనంత తానే కొట్టుకొనుచుండును. సూదిని పరికరముతో నొకే తలమున లోనికి తోసినచో దాని నిడివియంతయు తెల్లని గీతగ కనబడును. మందు ఎచ్చట వ్యాపించుచున్నదో, ఎచ్చట నాగినదో ఆ క్షణమందే తెలియును. పూర్వము చేతి తడుముడుచేతను, గ్రంథములోని పటముచేతను మాత్రమే ఊహించి వేసెడివారు. ఇప్పటికిని కొన్నిచోట్ల అట్లే వేయుచున్నారు. చేయితిరిగిన వైద్యుడు ఊహతో వేసినను కొన్ని వ్యాధులందు గుణమిచ్చుటను మేము కాదనము. కాని అందఱు వైద్యులు చేయితిరిగినవారు కారు. అందఱి చేతులును పటమునందలి చేతివలె నుండవు.

ఇందులకు మా చేయియే సాక్షి. రెండేండ్ల క్రిందట మా కుడిచేతి ఉంగరపువ్రేలు పట్టుకొన నారంభించెను. తెల్లవాఱుజామున మడచిన వ్రేలు తెఱచుకొనదు. ఎడమచేతితో లాగిన టక్కున విప్పుకొనును. ఆ టక్కు మోచేతిదాక తెలియును. సుద్దముక్క పట్టిన పాపమని మిత్రులు పరిహసించిరి. దీనిని ట్రిగ్గరు ఫింగరందురు. అల్ఫోన్సు నోటా అను ఫ్రెంచివైద్యుడు 1850 లోనే దీనిని వర్ణించెను. అఱచేతిలో వ్రేలి మొదట స్నాయువు దూరిపోవు వలయ మొకటి కలదు. వలయము మందమెక్కి, స్నాయువుమీద ముడివంటిది లేచినచో అది వలయములో చిక్కుకొనును. ముడిపడిన పోగు అచ్చులో నాగిన తీరును మీకు మేము వర్ణింపవలయునా? మధుమేహము గలవారికి ఈ వ్యాధి హెచ్చు. మాకు మధుమేహము పండ్రెండేండ్లుగా నున్నది.

మొదట నొక చికిత్సాలయమునకు పోయితిమి. దాని పేరు చెప్పము. అచ్చట వైద్యుడు చేయి ముట్టుకొనకయే సూది వేయించెను. ఏమి మందు వేసిరో చీటిమీద వ్రాయలేదు. అడిగిన, నొప్పిమందు అని బదులు వచ్చెను. నాలుగుదినములు రక్తములో చక్కెర విపరీతముగ పెరిగెను, వ్రేలు మాత్రము యథాప్రకారము. పిమ్మట వేఱొకచోట అల్ట్రాసౌండు చూపుతో స్టెరాయిడు సూది వేసిరి. వేయుటకు ముందే, చక్కెర కొన్నిదినములు పెరుగును, రోజును చూచుకొనుడని హెచ్చరించిరి. తెఱను మావైపు త్రిప్పి వలయమును, దాని క్రింద జరుగు స్నాయువును చూపిరి. మందు స్నాయువులోనికి పోరాదట, దాని చుట్టునున్న తొడుగులోనికే పోవలెనట. స్నాయువులోనికే పోయిన అది బలహీనపడి యెన్నడో తెగవచ్చును. రెండు దినములు నొప్పి హెచ్చెను. మూడువారములకు వ్రేలు సుఖముగ విప్పుకొనెను. సూదికి లొంగనివారికి, ఆ చూపుతోనే సన్నని పరికరముచే ఆ వలయమును కోయు పద్ధతియు కలదు. పెద్దకోత లేదు.

ఇంతకంటె భయపడవలసినది మణికట్టు వ్యాధి. దీనినే కార్పల్ టన్నెలందురు. మణికట్టుకు ముందువైపున ఎముకలచే నేర్పడిన సొరంగ మొకటి కలదు. దానికి పైకప్పు గట్టిపట్టీ. ఆ యిఱుకుదారిలో వ్రేళ్లను వంచు తొమ్మిది స్నాయువులును, ఒక నాడియు సాగిపోవుచున్నవి. స్నాయువుల తొడుగులు ఉబ్బిన నలిగిపోవునది ఆ నాడి. బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు, ఉంగరపువ్రేలిలో సగము తిమ్మిరెక్కును. చిటికెనవ్రేలు బాగుగనే యుండును. ఇది గుర్తుంచుకొనదగినది. నడిరేయి మెలకువ వచ్చి చేయి విదలించుకొనువారు మీ యిండ్లలో నున్నచో అది వాతమని సరిపుచ్చకుడు. చేతికి బలమైన పని మరలమరల చేయువారికే గాక, మధుమేహము, థైరాయిడు వ్యాధి కలవారికిని, గర్భిణులకును ఇది వచ్చుచుండును. నలిగిన నాడి సొరంగముఖమున ఉబ్బియుండును. అల్ట్రాసౌండులో దాని యడ్డుకోత వైశాల్యమును కొలిచి, సుమారు 10 చదరపు మిల్లీమీటర్లు మించిన అనుమానింతురు.

వ్యాధి లేతదైనచో రాత్రి మణికట్టు వంగకుండ పట్టీ కట్టుకొనుట మొదటిమెట్టు. రెండవది స్టెరాయిడు సూది. 2018 లో ఇంగ్లండు వైద్యులు లాన్సెట్ పత్రికలో ప్రకటించిన పరీక్షయందు ఆఱువారములనాటికి పట్టీకంటె సూదియే మేలుగ నుండెను. ఆఱునెలలకు రెండింటికిని భేదము కానరాలేదు. కాబట్టి సూది వేయించుకొంటిమి, ఇక నిశ్చింత యనరాదు. నాడిచుట్టు అతుకుకొన్న పొరలను ద్రవముతో విడదీయు విధానము మఱియొకటి కలదు. 5 శాతము గ్లూకోజు ద్రవమును ఇట్లు వాడి, ఆఱునెలలవఱకు గుణము కనిపించినదని తైవాను వైద్యులు 2017 లో వ్రాసిరి. ఇది కన్నులేని సూదితో జరుగునది కాదు. నాడికి వెండ్రుకవాసి దూరమున సూదిమొన నాగవలెను.

బొటనవ్రేలి మొదటనున్న కండ క్షీణించి పల్లము పడినదా, ఇక సూదుల కాలము దాటినట్లే. మా పూర్వశిష్యుడొకడు, రఘువంశము రెండవసర్గ కంఠస్థముగ చెప్పగలిగినవాడు, మూడేండ్లు ఈ తిమ్మిరిని దాచెను. భార్యకు సైతము చెప్పలేదు. అతడు మాయెదుట చేయి చాచినపుడు ఆ కండ స్థానమున గుంట కనబడెను. శస్త్రచికిత్స జరిగినది. రాత్రులు నిద్ర వచ్చినది. బొటనవ్రేలి బలము మాత్రము పూర్తిగ మఱలి రాలేదు. తెగినపోగు నతుకుటకు రెండు వ్రేళ్లు కూడవలెను. అతనికవి కూడుట లేదు. ఇప్పుడతని కుమారుడు, పదవతరగతి చదువు నిలిపి, ఆ మగ్గములో కూర్చున్నాడు. మూడేండ్ల ముందు చెప్పియున్న ఆ బాలుడు ఎచ్చట నుండెడివాడో సభ్యులే యోచింపుడు.

స్త్రీలకు హెచ్చుగ వచ్చునది బొటనవ్రేలివైపు మణికట్టునొప్పి. స్విట్జర్లాండు శస్త్రవైద్యుడు ఫ్రిట్జు డి కెర్వాన్ 1895 లో వర్ణించినందున అతని పేర వ్యవహరించుచున్నారు. చంటిబిడ్డను చంకలక్రింద చేతులుంచి యెత్తు తల్లులకు ఇది సాధారణము. కండెలు చుట్టుచు, నడుమనడుమ బిడ్డ నెత్తుకొను మన కోడండ్ర సంగతి వేఱుగ చెప్పనేల? బొటనవ్రేలిని కదలించు రెండు స్నాయువులు ఒక తొడుగులో నుండును. కొందఱికి ఆ తొడుగులో నడిమిగోడ యొకటి పుట్టుకతోనే యుండి, గది రెండు గదులగును. ఊహతో వేసిన మందు ఒక గదిలో నిండి, నొప్పి రెండవగదిలో మిగులును. గోడ కనబడినపుడు రెండు గదులకును మందు చేర్పవచ్చును. అల్ట్రాసౌండు ప్రయోజనము ఇంత స్పష్టముగ తెలియు చోటు వేఱొకటి లేదని మా తలంపు. నల్లని మేనివారు ఒకటి తెలిసియుండవలెను. ఇచ్చట స్టెరాయిడు తోలుక్రిందికి చిందిన ఆ చోట తెల్లమచ్చ పడి నెలలకొలది నిలువవచ్చును. దానిని బొల్లి యని పెండ్లిసంబంధములు త్రిప్పివేయరాదని వరులవైపు పెద్దలకు మనవి.

ఇక మోచేయి. అమరకోశమున కఫోణి, కూర్పరము అని దీనికి రెండు పేళ్లు. లోకమున దీని నొప్పికి టెన్నిసు ఎల్బో యని పేరు. టెన్నిసు బంతిని కంట చూడనివారికే మన వీథులలో ఈ వ్యాధి హెచ్చు. మోచేతి బయటివైపు ఎముకకు అతుకుకొన్న స్నాయువు మొదలు చివికిపోవుటయే దీనికి కారణము. ఇక్కడ మేము గట్టిగ చెప్పవలసినది కలదు. ట్రిగ్గరు ఫింగరునకు మేలుచేసిన స్టెరాయిడు మోచేతికి మేలు చేయదు. కొన్నివారములు నొప్పి తగ్గి స్వర్గము చూపును. 2013 లో ఆస్ట్రేలియా పరిశోధకులు అమెరికా వైద్యసంఘపు పత్రికలో ప్రకటించిన పరీక్షయందు, స్టెరాయిడు వేయించుకొన్నవారి స్థితి సంవత్సరము తిరుగునప్పటికి ఉత్తుత్తిసూది వేయించుకొన్నవారి స్థితికంటె హీనముగ నుండెను. రోగి నెత్తురే తీసి, చిలికి, ప్లేట్‌లెట్లు సాంద్రముగ నున్న భాగమును ఎక్కించు పీఆర్పీ యను ఖరీదైన చికిత్స యొకటి నగరములలో విశేషముగ ప్రచారమగుచున్నది. 2021 నాటి కాక్రేన్ సమీక్ష అది ఉత్తుత్తిసూదికంటె చెప్పుకోదగిన మేలు చేయకపోవచ్చునని తేల్చినది. అల్ట్రాసౌండు చూపుతో వేసినంతమాత్రాన పనికిరాని మందు పనికివచ్చునది కాదు. టెన్నిసు ఎల్బో చాలమందికి సంవత్సరము, సంవత్సరమున్నరలో తనంత తగ్గును. పనితీరు మార్చుకొని, క్రమముగ వ్యాయామము చేయవలెను. అమ్మకు బంగారుగాజులు కుదువబెట్టి పీఆర్పీ చేయించిన కుమారులను మేమెఱుగుదుము. వారి భక్తికి నమస్కారము. గాజులు విడిపించు మార్గము చూచుకొందురు గాక.

పని మార్చుకొనుట యన్నంతనే మల్లేశముగారు జ్ఞప్తికి వచ్చుచున్నారు. ఆలేరు ప్రాంతమున శారాజీపేటలో నేతకుటుంబమున పుట్టిన చింతకింది మల్లేశముగారి తల్లి లక్ష్మమ్మ చీరకొక్కింటికి సుమారు 9,000 పర్యాయములు చేయి ఆడించి ఆసు పోసెడిది. ఆమె భుజము, మోచేయి నొచ్చుట చూడలేక ఆయన 1999 లో ఆసుయంత్రమును సిద్ధపఱచి దానికి తల్లి పేరు పెట్టెను. 2017 లో ప్రభుత్వము వారికి పద్మశ్రీ నిచ్చినది. సూదులన్నిటికంటె ఈ యంత్రము ముందున్న చికిత్స.

కొందఱు మిత్రులు, స్కానింగు యంత్రమును మన సత్రమునకు తెప్పించి, ఒక్కదినమున నందఱి చేతులును చూపింపరాదా యని యడిగిరి. కోరిక మంచిది, కాని సాగదు. ఆడశిశువులను గర్భముననే హతమార్చు దురాచారమును అరికట్టుటకు 1994 లో చేసిన చట్టముచే ఈ యంత్రములు నమోదైన స్థలమును విడిచి యిష్టము వచ్చినచోట తిరుగరాదు. చేతిని చూచు యంత్రమే గర్భమును కూడ చూడగలదు కదా! ఆ చట్టము మనకు శ్రమ కలిగించినను మేము దానికి వ్యతిరేకులము కాము. మన జాతిలో ఆ పాపము లేదని చెప్పజాలు ధైర్యము ఎవ్వరికున్నది? కనుక యంత్రము మనయొద్దకు రాదు, మనవారినే యంత్రమున్న చోటికి పంపవలెను.

ఇందుకు ధనము కావలెను. కల్యాణమండపమునకు ముఖద్వారము కట్టింపవలెనని నిధి కూర్చుచున్నారు. ద్వారము కట్టుడు, మేము వలదనము. ఆ నిధిమీద వచ్చు వడ్డీలో సగము మూడేండ్లపాటు చేతిరోగులకు కేటాయింపుడని మా కోరిక. నగరమునకు పోయివచ్చు ఖర్చు, పరీక్ష, అవసరమైన సూది, మగ్గమాగిన వారములకు కుటుంబమునకు బియ్యము, ఇవి అందులోనుండి పోవలెను. ఏమందు, ఎంత, ఎచ్చట వేసిరో చీటిమీద వ్రాయించుకొని రావలెనను షరతు పెట్టుడు. ఆసాములను వేఱుగ నొకటి వేడుచున్నాము. చికిత్సకు పోయిన నేతగాని నూలును ఆఱువారములవఱకు వేఱొకరికి ఇయ్యమని ఈ వేదికమీదనే మాట యిండు. ఈ రెంటిని తీర్మానరూపమున వ్రాసి కార్యదర్శిగారి కిచ్చియున్నాము. భోజనానంతరము అది చర్చకు వచ్చును. సంతకము చేయదలచినవారికి కాగితము ద్వారమువద్ద బల్లమీద నున్నది.